పలాసలో బిస్సావు బస్తాలు

మొన్న మా అన్నయ్య మనవరాలి పెళ్లికి పలాస వెళ్లాను. ముహూర్తం తెల్లవారుజామునే అయిపోవడంతో పగలంతా ఖాళీ దొరికింది. మగపెళ్లివారి తరఫు బంధువొకాయన తన జీడిపప్పు ఫ్యాక్టరీ చూపిస్తానని బండి ఎక్కించుకుని తీసుకెళ్లారు. బాయిలర్ కింద జీడిపెంకు మండుతుంటే వచ్చే ఆ ఘాటు వాసన, కొంచెం తారులాగా, కొంచెం మాడిన నూనెలాగా, గేటు దాటకముందే గొంతులో పట్టుకుంది. లోపల గోడౌన్‌లో గోనె బస్తాలు నిట్టాడి ఎత్తున పేర్చి ఉన్నాయి. ఉద్దానం పిక్కలు ఏడాది పొడవునా సరిపోవని, అందుకే ఆఫ్రికా సరుకు తెప్పిస్తామని ఆయన చెబుతూ ఒక వరుసను చేత్తో తట్టారు. ఆ బస్తాల మీద వెలిసిన నీలిసిరాతో, పోర్చుగీసు పద్ధతిలో ‘గినే’ చివరి అక్షరం మీద చిన్న గీత పెట్టి, ‘గినే-బిస్సావు’ అని ముద్ర వేసి ఉంది.

ఆ గీత చూడగానే కాళ్లు ఆగిపోయాయి. ప్రపంచ పటంలో ఆ పేరుతో దేశమే లేని రోజుల్లో, నా గదిలో, నా మంచానికి ఎదురు మంచం మీద కూర్చుని ఒక మనిషి ప్రతి నోటు పుస్తకం మొదటి పేజీలో అదే గీతతో అదే పేరు రాసుకునేవాడు.

*

నేను మాస్కో వెళ్లింది 1971లో. ఆ ఆగస్టులోనే భారతదేశానికీ సోవియట్ యూనియన్‌కూ 20 ఏళ్ల శాంతి, మైత్రి, సహకార ఒప్పందం కుదిరింది. కాబట్టి దివిసీమ నుంచి వెళ్లిన నాలాంటి రైతుబిడ్డ కూడా అక్కడ దిగగానే ఏదో ఘనకార్యం చేసినవాడిలా కనిపించేవాడు. మాది పాట్రిస్ లుముంబా ప్రజామైత్రి విశ్వవిద్యాలయం. 1960లో పెట్టారు. మరుసటి సంవత్సరం కాంగో తొలి ప్రధాని లుముంబాను చంపేశాక ఆయన పేరు పెట్టారు. నాకు వ్యవసాయ విభాగంలో సీటు వచ్చింది. గదికి ముగ్గురం: వోల్గా ఒడ్డు నుంచి వచ్చిన రష్యన్ కుర్రాడు, నేను, ఇప్పటి గినే-బిస్సావు, అప్పటికింకా వలసగా ఉన్న పోర్చుగీసు గినియా నుంచి వచ్చిన ఈయన.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేమందరం ‘బిస్సావు’ అనే పిలిచేవాళ్లం. నాకంటే ఐదారేళ్లు పెద్ద. రష్యన్‌లో ఒకరినొకరం నువ్వనే అనుకున్నాం గానీ తెలుగులో తలచుకుంటే మాత్రం ఆయన నాకు ‘మీరు’ గానే వస్తారు. పొద్దున లేవగానే వాళ్ల క్రియోల్ భాషలో “కుమా ది కుర్పు?” అనేవారు. ఒంట్లో ఎలా ఉంది అని అర్థం. మా అమ్మ ఉత్తరాలన్నీ ‘ఒంట్లో బాగుందా’ అనే మొదలయ్యేవి. అందుకని ఆ పలకరింపు నాకు మొదటి రోజు నుంచే ఇంటి మాటలా వినిపించింది.

హాస్టల్ గుమ్మం దగ్గర ఊలు అల్లుకుంటూ కూర్చునే ముసలమ్మను దెజూర్నయా అనేవారు. నోట్లో సూది పెట్టుకునే మా అనుమతి కార్డులు చూసేది. మొదటి వారంలో ఆమె మా ముగ్గురి కాగితాలూ పెద్ద రిజిస్టరులో ఎక్కిస్తూ నా దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు: మూడు సింహాల పాస్‌పోర్టు, దేశం ఇండియా, మాస్కోలో రాయబార కార్యాలయం ఉంది. బిస్సావు దగ్గర ఆగింది. పాస్‌పోర్టేమో పొరుగునున్న గినియాది, దాని రాజధాని కొనాక్రీలో ఇచ్చినది. ఆయనేమో తాను ఆ దేశస్థుడిని కాదంటారు. మరి నీ దేశమేది అంటే ఆ పేరు ఆమె జాబితాలో లేదు. చివరికి ఆయన లోపలి జేబులోంచి నాలుగు మడతల ఉత్తరం తీశారు. పైన వాళ్ల స్వాతంత్ర్య పోరాట పార్టీ పేరు, కింద ముద్ర, సంతకం. ఆమె కళ్లజోడు సర్దుకుని, ఉత్తరం రెండువైపులా తిప్పి చూసి, దేశం గడిలో పెన్సిలుతో ‘గినియా, బిస్సావు’ అని రాసింది. సిరాతో రాయలేదు. ఆ పెన్సిలు గీత సంగతి ఆయన తర్వాత చాలాసార్లు నవ్వుతూ చెప్పుకునేవారు.

*

ఒక రాజ్యం మరో రాజ్యంతో సంబంధం పెట్టుకుంటే దానికి రాయబారులు, జెండాలు, విందులు ఉంటాయి. రాజ్యం ఒక ఉద్యమంతో సంబంధం పెట్టుకుంటే ఏముంటుందో నేను ఆ గదిలో కూర్చుని చూశాను. జాబితాలుంటాయి. ఎంతమంది విద్యార్థులు, ఎన్ని జతల బూట్లు, ఎన్ని పెట్టెల మందులు, ఎన్ని తుపాకులు అని పార్టీ రాసి పంపుతుంది. మాస్కోలో ఆఫ్రో-ఆసియా సంఘీభావ కమిటీ ద్వారా ఆ కాగితం పైకి, కమ్యూనిస్టు పార్టీ అంతర్జాతీయ విభాగానికి వెళుతుంది. కొంతకాలానికి జవాబుగా మరో జాబితా వస్తుంది. బిస్సావు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుని వచ్చినవారు కారు. అలాంటి ఒక జాబితాలో ఒక పేరుగా వచ్చారు. “మేం మాకు కావలసింది రాస్తాం, వాళ్లు తమ దగ్గరున్నది ఇస్తారు. రెండూ ఒకటి కావడం అరుదు,” అనేవారు ఆయన, నిష్ఠూరమేమీ లేకుండా.

వాళ్ల పార్టీ పేరు పీఏఐజీసీ, అంటే గినియా, కేప్ వర్డ్ దీవుల స్వాతంత్ర్యం కోసం ఏర్పడిన ఆఫ్రికన్ పార్టీ. 1956లో పెట్టారు. నాయకుడు అమిల్కార్ కబ్రాల్ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో వ్యవసాయ శాస్త్రం చదివారు. పోర్చుగీసు ప్రభుత్వ ఉద్యోగిగా 1953లో గినియా పల్లెలన్నీ తిరిగి వ్యవసాయ గణన చేశారు. ఏ ఊళ్లో ఏ పంట వేస్తారో, ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో సర్కారు ఖర్చుతోనే తెలుసుకున్న మనిషి ఆ తర్వాత అదే సర్కారు మీద తిరగబడ్డాడని చెబుతూ బిస్సావు తొడ చరిచి నవ్వేవారు. 1959 ఆగస్టు 3న వాళ్ల రాజధాని బిస్సావు నగరపు రేవులో, పిజిగిటి అనే చోట, జీతాలు పెంచమని సమ్మె చేసిన కూలీల మీద కాల్పులు జరిపారు. యాభై మంది దాకా చనిపోయారు. అప్పటికి ఈయన చిన్నపిల్లవాడు. వాళ్ల మేనమామ ఆ రేవులో పనిచేసేవాడు. ఆ మేనమామ గురించి ఇంతకంటే ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

సాయుధ పోరాటం 1963 జనవరిలో మొదలైంది. ఆయుధాలన్నీ కొనాక్రీ మీదుగానే రావాలి. కొనాక్రీలో గినియా అధ్యక్షుడు సెకూ టూరే మనసు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. 1961 డిసెంబరులో ఆయన సోవియట్ రాయబారినే దేశం నుంచి పంపించివేశాడు. కాబట్టి ఆ తొలి సంవత్సరాల్లో మాస్కో ఆచితూచి అడుగువేసిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మరోవైపు వాళ్లకు లిస్బన్‌లో పోగొట్టుకునేదీ ఏమీ లేదు. పోర్చుగల్ నాటో వ్యవస్థాపక సభ్య దేశం, సోవియట్ యూనియన్‌తో దానికి దౌత్య సంబంధాలే లేవు. 1974 జూన్‌లో గానీ ఏర్పడలేదు. వలసవాదాన్ని ఎదిరించడమనే ఆదర్శమూ, నాటో దేశాన్ని ఇరుకున పెట్టే లెక్కా ఒకే ఓడలో ప్రయాణించాయి. నేను ఈ మాట కొంచెం తెలివి చూపించుకోవడానికి ఒకసారి గదిలో అన్నాను. రష్యన్ కుర్రాడు ముఖం ముడుచుకున్నాడు. బిస్సావు మాత్రం బంగాళాదుంప తొక్క తీయడం ఆపకుండా, “ఓడలో ఏమేం ఎక్కించారో రేవులో దింపుకునేవాడికి తెలియదనుకున్నావా?” అన్నారు.

ఆయనకు సోవియట్ వారి మీద కృతజ్ఞత ఉండేది, భక్తి ఉండేది కాదు. తుపాకులు మాస్కోవి, వైద్యులు క్యూబావాళ్లు, 1969 నుంచి బడి పిల్లల పుస్తకాలూ మందులూ స్వీడన్ నుంచి, తొలి దళ నాయకుల్లో కొందరి శిక్షణ చైనాలోని నాన్కింగ్‌లో. మాస్కో, పెకింగ్ ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో ఇవన్నీ ఒకే ఇంట్లోకి తెచ్చుకుని, ఎవరి జెండా కిందా నిలబడకపోవడమే కబ్రాల్ పనితనమని ఆయన నమ్మకం. మా వాళ్లు, అంటే మన దేశం వాళ్లు, చేసినది కూడా ఇంచుమించు అదే గదా అంటే ఒప్పుకునేవారు కారు. “మీకు సైన్యం ఉంది. గోవాలో 36 గంటల్లో పోర్చుగీసువాళ్లను పంపేశారు,” అనేవారు. గోవా పేరు ఎత్తినప్పుడల్లా ఆయన గొంతులో కొంచెం అసూయ వినిపించేది. 1961 డిసెంబరులో ఆ వార్త రేడియోలో విని, ఇక మన వంతు రేపో మాపో అనుకున్నారట వాళ్ల పేటలో. పన్నెండేళ్లు పట్టింది.

*

మా మట్టిశాస్త్రం పాఠాల్లో మొదటి ఏడాదంతా గోధుమ, చక్కెరదుంప, మంచు కరిగాక తేలే బూడిదరంగు నేలలు. మా ఇద్దరికీ ఆ నేలలతో ఏం పని? ఒకరోజు మా టీచరమ్మ, జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిన మనిషి, యుద్ధకాలంలో ఆకలి చూసిన మనిషి, బిస్సావును బోర్డు దగ్గరికి పిలిచి, మీ ఊళ్లో వరి ఎలా పండిస్తారో గీసి చూపించమంది.

ఆయన సుద్దముక్క తీసుకుని సముద్రపు పాయ గీశారు. దాని ఒడ్డున మడచెట్లు, మడచెట్లు నరికిన చోట బురదగట్టు, గట్టు వెనక పొలం. దాన్ని ‘బొలాన్యా’ అంటారట. బలంత తెగ వాళ్లు దానిలో ఆరితేరినవారు. ఆటుపోట్ల ఉప్పునీరు లోపలికి రాకుండా గట్టు ఆపుతుంది. తొలకరి వానలను పొలంలో నిలబెట్టి, ఉప్పును కడిగి, ఆ నీటిని గట్టులోంచి బయటకు వదలాలి. గట్టులో ఆ తూము దేనితో చేస్తారని టీచరమ్మ అడిగింది. తాటిజాతి చెట్టు మొద్దును లోపల తొలిచి గట్టులో అడ్డంగా పెడతారని చెప్పి, గొట్టంలా ఉండే ఆ మొద్దును, దాని నోటికి పెట్టే బురద బిరడాను గీశారు.

నేను వెనక బెంచీలోంచి లేచి నిలబడిపోయాను. “తాటిదోనె!” అని తెలుగులోనే అన్నాను. మా నాగాయలంక వైపు చౌడు చేలల్లో ఉప్పు దిగడానికి మా తాత చేసేది అదే పని. మా తాత చేతి కింద తొలిచిన తాటిమొద్దు కంపు, నాచు పట్టిన దాని అంచు, దానిలోంచి చిన్న చేపలు జారిపోతుంటే మేం గంప పట్టడం, అన్నీ ఆ బోర్డు మీద సుద్దగీతల్లో కనిపించాయి. తరగతి అంతా నవ్వింది. ఆ రోజు నుంచి బిస్సావుకు ‘తాటిదోనె’ అనే మాట వచ్చింది. ‘తాతిదోన్’ అనేవారు.

ఆ పొలాల వల్లనే వాళ్ల యుద్ధం నిలిచిందని ఆయన వాదన. వాళ్లది చదును దేశం, చెప్పుకోదగ్గ కొండ ఒక్కటీ లేదు. గెరిల్లా పోరాటానికి కొండలు కావాలంటే, మా జనమే మాకు కొండలని కబ్రాల్ అనేవారట. జనం తిండి పెట్టాలి, జనం దగ్గర వరి ఉంది. తుపాకి ఎక్కడి నుంచైనా వస్తుంది, గింజ మాత్రం ఆ గట్టు వెనక నుంచే రావాలి.

*

బిస్సావు నిద్ర చాలా తేలిక. గదిలో రేడియేటర్ టక్కుమన్నా లేచి కూర్చునేవారు. కారణం తర్వాత తెలిసింది. 1970 నవంబరు 22 రాత్రి పోర్చుగీసువాళ్లు సముద్రం మీదుగా కొనాక్రీ మీద దాడి చేసినప్పుడు ఆయన ఆ ఊళ్లోనే, పార్టీ నడిపే బడికి చెందిన వసతిలో ఉన్నారు. తమ యుద్ధఖైదీలను విడిపించుకుపోయారు గానీ కబ్రాల్ వాళ్లకు దొరకలేదు. ఆయన ఆ సమయంలో విదేశంలో ఉన్నారు. ఆ దాడి తర్వాతే సోవియట్ యుద్ధనౌకలు ఆ తీరంలో తిరగడం మొదలైంది. మా హాస్టల్‌కు అప్పుడప్పుడు బిస్సావు దేశస్థులైన కుర్రాళ్లు ఒకటి రెండు రాత్రులు తలదాచుకోవడానికి వచ్చేవారు. ఎక్కడి నుంచి వస్తున్నారంటే “దక్షిణం నుంచి” అని మాత్రం అనేవారు. ఆ దక్షిణం క్రిమియాలోని పెరెవాల్నోయె శిక్షణ కేంద్రమని, సిమ్ఫెరోపోల్‌కు దగ్గరని, ఆ మాట బయటకు అనకూడదని అందరికీ తెలుసు.

1972 డిసెంబరులో సోవియట్ యూనియన్ ఏర్పడి 50 ఏళ్లయిన ఉత్సవాలకు కబ్రాల్ మాస్కో వచ్చారు. ఆ వారమంతా బిస్సావుకు జ్వరం. హాస్టల్ డాక్టరమ్మ కదలనివ్వలేదు. “మళ్లీ వస్తారుగా,” అన్నారు దుప్పటిలోంచి.

నెల తిరగలేదు. 1973 జనవరి 20 రాత్రి, కొనాక్రీలో తన ఇంటి ముందే, కబ్రాల్‌ను సొంత పార్టీవాళ్లే కాల్చిచంపారు. మాకు తెలిసేసరికి ఒకటి రెండు రోజులు గడిచాయి. ఆ సాయంత్రం బిస్సావు ఏడవలేదు. అంతస్తు చివర ఇస్త్రీ గదిలోకి వెళ్లి, తనకున్న ఒక్క తెల్లచొక్కాను తడి బట్ట వేసి ఇస్త్రీ చేశారు. చేసి, విప్పి, మళ్లీ చేశారు. రెండో అంతస్తు దాకా ఆ తడి నూలు వాసన వచ్చింది. సంతాపసభ మర్నాడు.

కాల్చినవాడు ఇనోసెన్సియో కాని. పార్టీ నౌకాదళంలో పనిచేసేవాడు, సోవియట్ యూనియన్‌లోనే శిక్షణ పొందినవాడు. హంతకులు పార్టీలో కబ్రాల్ తర్వాతి నాయకుడైన అరిస్టిడెస్ పెరేరాను కట్టిపడేసి పడవలో బిస్సావు నగరం వైపు పారిపోతుంటే వాళ్లను సముద్రంలోనే పట్టుకుని పెరేరాను కాపాడారు. ఆ వేటలో సోవియట్ యుద్ధనౌక కూడా పాలుపంచుకుంది. చంపినవాడికి పని నేర్పినదీ వాళ్లే, మిగిలిన నాయకుడిని కాపాడడానికి ఓడ పంపినదీ వాళ్లే. ఈ రెండింటినీ ఆయన ఎలా కలిపి చూసుకున్నారో నాకు తెలియదు. “జితు కా తెన్,” అన్నారొకసారి. ఏం చేస్తాం, వేరే దారి లేదు అని వాళ్ల ఊతపదం.

మార్చి నెలాఖరులో పోర్చుగీసు ఫియట్ విమానాలు కూలడం మొదలైంది. భుజం మీద పెట్టుకుని పేల్చే సోవియట్ స్ట్రెలా క్షిపణులు బిస్సావు పార్టీవాళ్ల చేతికి అందాయి. అంతవరకు పైనుంచి వచ్చే చప్పుడంటే చెట్ల కిందికి పరుగెత్తడమే. ఇప్పుడు ఆ చప్పుడు తగ్గిపోయిందట. అది చెప్పిన రోజున కూడా ఆయన సంతోషంగా లేరు. జాబితాలో ఎన్నాళ్ల నుంచో రాసుకున్న వస్తువు, రాసిన మనిషి పోయాక వచ్చింది.

*

1973 సెప్టెంబరు 24న తూర్పున అడవుల్లో, మదీనా దో బోయెలో, వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. పోర్చుగల్ ఒప్పుకోకముందే సోవియట్ యూనియన్‌తో సహా పదుల కొద్దీ దేశాలు గుర్తించాయి. నవంబరు 2న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 93 ఓట్లతో, ఆ గడ్డ మీద పోర్చుగీసు సైన్యం ఉండడం అక్రమ ఆక్రమణ అని తీర్మానించింది. వ్యతిరేకంగా పడినవి 7. ఈ అంకెలను బిస్సావు తన నోటు పుస్తకం అట్ట మీద, క్రికెట్ స్కోరులాగా, రాసుకున్నారు.

పండుగ మాత్రం మా అంతస్తు వంటగదిలో జరిగింది. వాళ్ల ఊరి వంట వేరుశనగ పులుసు. వేరుశనగను వాళ్లు ‘మంకారా’ అంటారు. అదే పంటను పోర్చుగీసు కంపెనీలకు అమ్మడానికి బలవంతంగా వేయించారని, ఆ కాయను ఇష్టంగా తినడం కూడా మర్చిపోయామని అన్నవారు, ఆ రోజు మాత్రం మంకారా కావాలని పట్టుబట్టారు. మాస్కోలో ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మ ఎవరో వస్తుంటే పంపిన వేరుశనగపప్పు డబ్బాలో సగం మిగిలి ఉంది. దెజూర్నయా దగ్గర మాంసం కొట్టే చెక్కసుత్తి అరువు తెచ్చి, గుడ్డలో మూటకట్టి దంచాం. గుంటూరు ఎండుమిరపకాయలు నావి, కోడి రష్యన్ కుర్రాడిది. అంగోలా, మొజాంబిక్ వాళ్లు రొట్టెలు తెచ్చారు. వాళ్ల వంతు ఇంకా రాలేదు. ఆ కారానికి అందరికీ కళ్లలో నీళ్లు వచ్చాయి, కాబట్టి ఎవరు ఎందుకు తుడుచుకుంటున్నారో ఎవరూ అడగనక్కర్లేకపోయింది. మర్నాడు దెజూర్నయా రిజిస్టరు తీసి, పాత పెన్సిలు గీత మీద సిరాతో దిద్దింది. ఎవరు చెప్పారో, తనకే తోచిందో.

తర్వాత అంతా చకచకా జరిగింది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైనికులే ప్రభుత్వాన్ని కూల్చేశారు. ఆఫ్రికా యుద్ధాలతో విసిగిన సైనికులే వాళ్లు. సెప్టెంబరు 10న పోర్చుగల్ కూడా గుర్తించింది. మన దేశం కూడా ఆ డిసెంబరు 31న పోర్చుగల్‌తో ఒప్పందం చేసుకుని, గోవా తగవు తీర్చుకుంది. ఒకే విప్లవంతో మా ఇద్దరి ఫైళ్లూ మూతబడ్డాయని బిస్సావు అనేవారు.

*

చదువు అయ్యాక ఆయన బిస్సావుకు, నేను వ్యవసాయ శాఖ ఉద్యోగానికి. కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి. రష్యన్‌లోనే రాసుకునేవాళ్లం, రానురాను ఇద్దరి రష్యనూ తుప్పుపట్టింది. 1980 నవంబరులో అక్కడ సైనిక తిరుగుబాటు జరిగి, కేప్ వర్డ్‌తో కలిసి ఉండాలన్న కబ్రాల్ కల చెదిరిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలో రాజకీయాల ఊసే లేదు. గట్లు తెగుతున్నాయని, కుర్రాళ్లు బురదపని మానేసి మెట్టచేలల్లో జీడిమొక్కలు పెడుతున్నారని మాత్రం రాశారు. ‘తాతిదోన్’ అని ఆఖరి వాక్యం. 1991లో ఉత్తరాలు మోసిన దేశమే లేకుండా పోయింది. 1998లో బిస్సావు నగరంలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు నేను రాసినదానికి జవాబు రాలేదు.

ఇప్పుడు ఆ దేశానికి ఎగుమతుల మీద వచ్చే డబ్బులో దాదాపు 90 శాతం జీడిపిక్కలదే. వేరుశనగ ఒక్కటే పంటగా రుద్దారని వలసపాలనను తిట్టిన వ్యవసాయ శాస్త్రవేత్త పేరు మీద పుట్టిన దేశం మరో గింజకు కట్టుబడింది. ఆ గింజను ఎక్కువగా కొనేది మనవాళ్లే. దీనికి మాస్కో జాబితాలు గానీ, సంఘీభావ కమిటీలు గానీ అవసరం లేకపోయింది.

గోడౌన్‌లో నన్ను తీసుకెళ్లినాయన బస్తా మూతి విప్పించి, గుప్పెడు పిక్కలు నా అరచేతిలో పోశారు. గింజ చిన్నదే గానీ బిస్సావు సరుకులో పప్పు దిగుబడి బాగుంటుందని, 80 కిలోల బస్తాకు మిగతా ఆఫ్రికా సరుకు కంటే ఎక్కువ దిగుతుందని చెబుతున్నారు. గింజల మధ్య ఎర్రమట్టి రేణువులు అంటుకుని ఉన్నాయి. ఒక పిక్కను తెలియకుండానే పంటి కిందికి తీసుకుపోతుంటే, తూకం దగ్గరున్న కుర్రాడు చటాలున చెయ్యి పట్టుకున్నాడు.

“పచ్చి పిక్క తాతా, నోరు పొక్కిపోద్ది,” అన్నాడు.